పోయిన డిస్కు – దొరికిన లెక్క

కిందటి సర్వసభ్య సమావేశంలో భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్ను పట్టుకొన్నారు. “మీరు ఇ.డి.పి. సెక్షనులో చేశారు కదా! కంప్యూటరులో డిస్కు పాడైతే అందులో ఉన్నదంతా పోవాలి. కాని ఒక్కోసారి ‘డిస్కు పోయింది, మార్చేశాం, లెక్కలు యథాతథంగా ఉన్నాయి’ అంటారు. పోయిన దానిలో ఉన్నది కొత్తదానిలోకి ఎలా వచ్చింది?” అని అడిగారు. అప్పటికి పెరుగన్నం దాకా వచ్చాం. రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు గనుక, తరువాత చెబుతానని తప్పించుకొన్నాను. ఇంతలో ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకుల ఉత్తరం వచ్చింది. మిత్రుని బాకీ తీర్చుకోవడానికి ఇదే అదను అనుకొన్నాను. దీనితోపాటు మరొక పాత బాకీ కూడా ఉంది. అది మధ్యలో చెబుతాను.

మనలో చాలామంది లెడ్జర్లతో జీవితం గడిపినవారే కాబట్టి లెడ్జరు భాషలోనే మొదలుపెడతాను. నలుగురు గుమాస్తాలు ఉన్నారనుకోండి. ఒకరి పేజీలో 340, రెండవ వారి పేజీలో 215, మూడవ వారి పేజీలో 120, నాలుగవ వారి పేజీలో 425 ఉన్నాయి. అయిదవ గుమాస్తా చేసే పని ఒక్కటే. ఈ నాలుగింటి మొత్తం 1,100 అని తన పేజీలో వేసుకొంటాడు. మూడవ వారి పేజీ ఎలుక కొట్టేసింది. అయినా దిగులు లేదు. 1,100 లోంచి మిగిలిన మూడు అంకెల మొత్తం 980 తీసివేస్తే 120 వస్తుంది. పోయిన పేజీ ఏదో తెలిస్తే చాలు, దానిలో ఏముందో మిగిలిన వారు చెప్పేస్తారు. ఒకవేళ అయిదవ వాని పేజీయే పోతే మళ్లీ కూడుకోవచ్చు. అయితే ఒకేసారి రెండు పేజీలు పోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. డిస్కుల వరుసలో జరిగేదీ ఇంతే. అక్కడ కూడిక బదులు ఒకట్లు, సున్నాల సరి–బేసి లెక్క ఉంటుంది. దానిని పారిటీ అంటారు.

ఇంత చిన్న ఉపాయం కంప్యూటరు గదిలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదటి డిస్కు యంత్రాన్ని ఐ.బి.ఎమ్. కంపెనీ 1956లో బయటపెట్టింది. రామాక్ అనే కంప్యూటరుకు అనుబంధంగా తయారైన దాని పేరు 350. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రేనాల్డ్ జాన్సన్ అనే ఆయన నాయకత్వంలో దానిని తయారుచేశారు. ఆయన అంతకుముందు బడిపంతులు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే యంత్రం కనిపెట్టి ఆ కంపెనీలో చేరినవాడు. ఆ డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదానిమీద ఒకటి తిరిగేవి. బరువు సుమారు ఒక టన్ను. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ సెల్‌ఫోనుతో తీసే ఒక ఫొటోకు కూడా అది చాలదు.

ఆ రోజుల్లో డిస్కు పాడైతే ఏం చేసేవారు? అంతకుముందు వాడిన కార్డులు, టేపులు భద్రంగా ఉండేవి. వాటినే మళ్లీ ఎక్కించేవారు. టేపుల విషయంలో ఒక చక్కని ఆచారం ఉండేది. ఇవాళ్టి మాస్టరు టేపు కొడుకు, నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. మూడు తరాలనూ ఉంచుకొనేవారు. కొడుకు చెడిపోతే తండ్రి టేపు తీసి, ఆనాటి వోచర్లు మళ్లీ వేసి, కొత్త కొడుకును తయారుచేసేవారు. పద్ధతి నిదానమే గాని నమ్మకమైనది.

డిస్కు ఎందుకు చెడుతుందో కూడా చెప్పాలి. పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానికి తగలకుండా వెంట్రుకవాసి కంటే తక్కువ ఎత్తులో చదివే హెడ్డు గాలిలో తేలుతూ ఉంటుంది. ఆ సందులో ఒక చుట్టపొగ రేణువు దూరినా ప్రమాదమే. హెడ్డు పళ్లేన్ని గీరేస్తుంది. మన మెషీను రూములో చెప్పులు విప్పించడం, ఏ.సి. వేయించడం చూసి నవ్వినవారు ఉన్నారు. కారణం ఇదీ. 1973లో ఐ.బి.ఎమ్. 3340 అనే డిస్కులో పళ్లేలనూ హెడ్డులనూ కలిపి ఒకే పెట్టెలో మూసివేశారు. దానినే వించెస్టరు అనేవారు. దుమ్ము బెడద తగ్గింది గాని డిస్కు అమరజీవి కాలేదు. తిరిగేది ఏదైనా అరుగుతుంది కదా.

తరువాతి మెట్టు, ప్రతిదీ రెండు చోట్ల రాయడం. 1976లో మార్కెట్టుకు వచ్చిన టాండెమ్ కంపెనీ యంత్రాలు ఇందుకు పేరు పొందాయి. బ్యాంకుల వంటి చోట్ల ఒక డిస్కు పోయినా కౌంటరు ఆగకూడదు గనుక జంట డిస్కులు పెట్టేవారు. దీనికి అద్దం అనే అర్థంలో మిర్రరింగు అని పేరు. మంచిదే గాని ఖర్చు రెట్టింపు. నాలుగు డిస్కుల సరుకుకు ఎనిమిది కొనాలి. మన సంస్థలో ఇండెంటు పెట్టినవారికి ఆ బాధ తెలుసు.

అయిదవ గుమాస్తా ఉపాయాన్ని ఐ.బి.ఎమ్.లో పనిచేసిన నార్మన్ కెన్ ఔచి డిస్కులకు పట్టించి, 1978లో అమెరికాలో పేటెంటు పొందాడు. చెడిపోయిన భాగంలోని సమాచారాన్ని తిరిగి రాబట్టే పద్ధతి అనేదే ఆ పేటెంటు సారాంశం. అసలు సరి–బేసి లెక్కతో తప్పు పట్టే విద్య అంతకంటే పాతది. బెల్ లేబొరేటరీలో రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు శని, ఆదివారాలలో యంత్రానికి పని అప్పజెప్పి ఇంటికి వెళ్లేవాడు. సోమవారం వచ్చి చూస్తే ఎక్కడో ఒక తప్పు దొర్లి, యంత్రం ఆ పని వదిలేసి ఉండేది. తప్పు ఉన్నదని పట్టుకోగల యంత్రం దానిని దిద్దుకోలేదా అని ఆయనకు చిరాకు వేసింది. ఆ చిరాకులోంచి పుట్టిన పద్ధతిని 1950లో ప్రకటించాడు.

ఇక 1988కి వస్తాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు ఆ సంవత్సరం షికాగోలో జరిగిన సభలో ఒక వ్యాసం చదివారు. అప్పటికి పెద్ద కంప్యూటర్లకు వాడే ఐ.బి.ఎమ్. 3380 డిస్కు బీరువా అంత ఉండేది, 7.5 గిగాబైట్లు పట్టేది. మరోపక్క చిన్న కంప్యూటర్ల కోసం కోనర్ కంపెనీ చేసిన 100 మెగాబైట్ల బుల్లి డిస్కులు చవగ్గా దొరికేవి. ఒక్క బీరువా బదులు బుల్లి డిస్కులు ఒక వందను వరుసగా పేరిస్తే చవకా, వేగమూ రెండూ కలిసివస్తాయి కదా అన్నది వారి ఆలోచన. ఆ వరుసకు రెయిడ్ అని పేరు పెట్టారు.

అయితే ఆ ముగ్గురూ నిజాయితీపరులు. తమ ఆలోచనలోని లోపాన్ని తామే లెక్కగట్టి చూపించారు. ఒక బుల్లి డిస్కు సగటు ఆయుర్దాయం 30,000 గంటలు, అంటే మూడేళ్ల మీద కొన్ని నెలలు. కాని వంద డిస్కులు ఉంటే వాటిలో ఏదో ఒకటి పోవడానికి పట్టేది 300 గంటలే. రెండు వారాలు కూడా కాదు! వందమంది ఉన్న ఊళ్లో ఎవరింట్లోనో ఒకరింట్లో ఎప్పుడూ జ్వరం ఉన్నట్టు. అందుచేత ప్రతి పది డిస్కులకు ఒక అయిదవ గుమాస్తా వంటి డిస్కును చేర్చారు. మొత్తం 110 డిస్కులయ్యాయి. పోయిన డిస్కును ఒక గంటలోగా మార్చి, దానిలోది తిరిగి నింపితే, లెక్క నిజంగా పోవడానికి సగటున 8,20,000 గంటలు పడుతుందని తేల్చారు. అంటే 90 ఏళ్ల పైచిలుకు.

ఆ లెక్కలో “ఒక గంటలోగా” అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. నేను ఆ వ్యాసం చదివింది రిటైరయిన తరువాత. చదివినప్పుడు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే 1998లో మన దగ్గర ఆ గంట 11 రోజులైంది.

అప్పట్లో హైదరాబాదులో మన ప్రధాన కార్యాలయంలో ఉన్న సర్వరులో అయిదు డిస్కులు ఉండేవి. ఒక్కొక్కటి 4 గిగాబైట్లు. మొత్తాల పేజీ ఒక్క డిస్కు మీదే ఉంటే ప్రతి ఎంట్రీకీ ఆ ఒక్క గుమాస్తానే లేపాలి గనుక, దానిని అయిదింటి మీదా వంతులవారీగా పంచే పద్ధతి అది. జూన్ 9వ తేదీ మంగళవారం మధ్యాహ్నం సర్వరు కీచుమని బజరు మోగించింది. రెండవ నంబరు డిస్కు దీపం ఆకుపచ్చ నుంచి పసుపుపచ్చకు మారింది. పి.ఎఫ్. వార్షిక స్లిప్పులు లైను ప్రింటరు మీద వేస్తున్న వారం. ఒక పక్క ప్రింటరు రొద, ఒక పక్క ఈ బజరు. చూస్తే సర్వరు పనిచేస్తూనే ఉంది, కాస్త నెమ్మదించింది అంతే. బజరు ఆపే బొత్తాం నొక్కాను. కంపెనీ వారికి ఫోను చేశాను. డిస్కు బొంబాయి నుంచి రావాలన్నారు. అదనంగా ఒక డిస్కును దగ్గర ఉంచుకోవాలని ఇండెంటులో రాశాం గాని, పొదుపు కింద ఆ పద్దును కొట్టేశారు. సరే, వచ్చినప్పుడు వస్తుందని స్లిప్పుల పనిలో పడ్డాను. లాగ్ బుక్కులో ఆ సంగతి రాయలేదు. సెక్షను ఆఫీసరు గారికి చెప్పలేదు. పనిచేస్తున్న యంత్రం గురించి ఫిర్యాదు ఏమిటనుకొన్నాను.

జూన్ 20 శనివారం కొత్త డిస్కు వచ్చింది. ఇంజనీరు పాతది లాగి కొత్తది తొడిగాడు. తిరిగి నింపడం, అనగా రీబిల్డు, మొదలైంది. మిగిలిన నాలుగు డిస్కులను మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివి, లెక్కగట్టి, అయిదవదానిలో రాయాలి. పోస్టింగు ఆపకుండానే ఇది నడిపించాం. అదీ ఒక తొందరపాటే. సాయంత్రం ఆరింటికి సగం దాటాక ఆగిపోయింది. నాలుగవ నంబరు డిస్కులో ఒకచోట గడులు చదవబడటం లేదు. సర్వరు దానిని కూడా చెడ్డదిగా ఎంచి బయటపెట్టింది. రెండు పేజీలు పోయాయి. తెర మీద మొత్తం వరుసే లేదని చూపించింది.

ఇంజనీరు కుర్రవాడు కంగారుపడి, “మళ్లీ మొదటి నుంచి ఇనిషియలైజ్ చేస్తాను సార్, లేస్తుంది” అన్నాడు. లేచేది నిజమే, ఖాళీగా లేచేది. అప్పుడే మా సెక్షను ఆఫీసరు గారు వచ్చారు. ఆవిడకు యంత్రాల లోతుపాతులు అంతగా తెలియవు. కాని 22 ఏళ్లు అకౌంట్సులో చేసి వచ్చినవారు. “ఉన్నదాని మీద ఏమీ రాయకండి. ముందు ప్రతి ఒక్కటీ నకలు తీయండి” అన్నారు. తరువాతి కాలంలో ఈ విద్యలో నిపుణులు చెప్పగా విన్న మొదటి సూత్రం కూడా అదే.

యంత్రం ఆపాం. డిస్కులు తీసే ముందు ఏది ఏ అరలోదో మార్కరుతో నంబరు వేశాం. వరుస తారుమారైతే మొత్తాల లెక్కే తారుమారవుతుంది. ఆదివారమంతా నాలుగవ డిస్కును గడి గడిగా మరొక కొత్త డిస్కు మీదికి నకలు చేశాం. చదవబడని గడిని వదిలి ముందుకు పోవాలి, మళ్లీ వెనక్కు వచ్చి రెండుమూడు సార్లు ప్రయత్నించాలి. చివరికి 17 గడులు మొండికేశాయి. గడి అంటే 512 అక్షరాలు. ఆ నకలును నాలుగవ అరలో పెట్టి, రెండవ అర ఖాళీగానే ఉంచి, వరుసను బలవంతంగా లేపాం. లేచింది. ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడలేదు. వెంటనే ఫైళ్లన్నీ మరొక యంత్రానికి తరలించాం.

కథ అక్కడితో అయిపోలేదు. పోస్టింగు మధ్యలో ఆగిపోవడం వలన పి.ఎఫ్. ఫైలు జమ–ఖర్చు సరిపోలేదు. టేపులు తీస్తే చివరి అయిదు టేపులు చదవబడలేదు. టేపు డ్రైవు హెడ్డు మురికిపట్టి ఉంది. రాసిన టేపును ఎవరూ తిరిగి చదివి చూడలేదు. జూన్ 12వ తేదీ శుక్రవారం టేపు మాత్రం బాగుంది. మళ్లీ పాత ఆచారమే. తండ్రి టేపు ఎక్కించి, 15 నుంచి 20 దాకా ఆరు పనిదినాల వోచర్లు మళ్లీ కొట్టాలి. రికార్డు రూము దఫ్తరీ గారు ఆ కట్టలను తేదీలవారీగా ఎర్ర గుడ్డలో కట్టి ఉంచారు. ఒక్క కాగితం తక్కువ లేదు. నాలుగు రాత్రులు కూర్చున్నాం. చివరికి అలా తయారైన లెడ్జరునూ, డిస్కుల నుంచి రాబట్టిన లెడ్జరునూ పక్కపక్కన పెట్టి సరిచూస్తే తేడా వచ్చింది నాలుగు ఎంట్రీలే. అవి శనివారం సాయంత్రం ఆగిపోయిన చోటివి.

ఇక ఆ 17 గడులు ఎక్కడివి? 1991కి ముందు ముగిసిన గృహనిర్మాణ అప్పుల పాత ఫైలులోవి. ఎవరూ ఏళ్ల తరబడి తెరవని ఫైలు. ఆ గడులు ఎప్పుడు చెడ్డాయో ఎవరికి తెలుసు? అడిగినవారు లేరు గనుక డిస్కు చెప్పలేదు. రీబిల్డు మాత్రం అందరినీ అడుగుతుంది. అప్పుడు బయటపడింది. ఆ నెల 30న రిటైరు కావలసినవారు ఏడుగురు. వారిలో ఇద్దరి పాత ఇంటి అప్పుల వివరాలు ఆ గడులలోనే ఉన్నాయి. బాకీ లేదన్న సర్టిఫికెట్టు లేనిదే గ్రాట్యుటీ కదలదు. కాగితపు లెడ్జరు వెతికి ఇచ్చింది కూడా ఆ దఫ్తరీ గారే. ఏడుగురికీ 30వ తేదీ సాయంత్రం సన్మాన సభలోనే కాగితాలు అందాయి. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పటికీ మన సమావేశాలకు వస్తారు. ఆ పది రోజులలో తన కాగితాలకు ఏమి జరిగిందో ఆయనకు తెలియదు. ఈ సంచిక చదివితే తెలుస్తుంది.

తరువాత ఒక నివేదిక తయారైంది. కారణం అన్న చోట “యంత్ర లోపం” అని రాశారు. దాని మీద సంతకం చేసిన వారిలో నేనూ ఒకడిని. బజరు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంజనీరు కుర్రవాడి కంపెనీకి మాత్రం ఒక ఘాటైన ఉత్తరం వెళ్లింది. పైన చెప్పిన పాత బాకీ ఇదే. బర్క్‌లీ వారి లెక్కనే తీసుకొని, వారి 110 డిస్కులకు గంట బదులు 11 రోజులు వేసి చూశాను. 90 ఏళ్లు కాస్తా నాలుగు నెలల చిల్లరకు దిగింది.

ఇది మన ఒక్కరి అనుభవమే అనుకొనేవాడిని. కాదు. 2007లో ప్రకటించిన ఒక పరిశీలనలో 15 లక్షలకు పైగా డిస్కులను 32 నెలల పాటు గమనించారు. వాటిలో 3.45 శాతం డిస్కులలో ఇటువంటి మూగ గడులు కనిపించాయి. అదే సంవత్సరం, 1988 వ్యాసంలోని గార్త్ గిబ్సనే బియాంకా ష్రోడర్‌తో కలిసి మరొక సంగతి చూపించాడు. డిస్కుల తయారీదారులు కాగితం మీద చెప్పే లెక్క ప్రకారం ఏటా నూటికి ఒకటి కూడా పోకూడదు. కాని వాడుకలో రెండు నుంచి నాలుగు దాకా మార్చవలసి రావడం మామూలు, కొన్నిచోట్ల 13 దాకా. డిస్కులు పెద్దవైనకొద్దీ నింపడానికి పట్టే సమయం కూడా గంటల నుంచి రోజులకు పెరిగింది. ఆ సమయంలోనే రెండవ దెబ్బ తగులుతుంది. అందుకే ఇద్దరు అయిదవ గుమాస్తాలను పెట్టే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. ఒకరు అడ్డంగా కూడితే ఒకరు ఐమూలగా కూడతారు. రెండు పేజీలు పోయినా తిరిగి రాబట్టవచ్చు. ఇది కాక, తీరిక వేళల్లో సర్వరే అన్ని గడులనూ ఒకసారి చదివి చూసుకొనే ఏర్పాటు కూడా వచ్చింది. మన పాత ఆఫీసుల్లో ఏటా స్టాకు వెరిఫికేషను చేసినట్టు.

ఇన్ని చేసినా గది తగలబడితే గుమాస్తాలందరూ ఒకే గదిలో ఉన్నారు కదా. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల దగ్గర మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రాలు దాచుకొనే జి–డ్రైవ్ అనే నిలువ కాలిపోయింది. అందులో ఉన్నది 858 టెరాబైట్లు. బయట మరోచోట దానికి నకలు లేదు. ఆ వార్త చదివిన రోజున నాకు మన తాత–తండ్రి–కొడుకు టేపులు, వాటిని సంచిలో వేసుకొని రోజూ మరో బిల్డింగుకు మోసుకెళ్లిన అటెండరు గుర్తుకు వచ్చారు. ఆ నడక దండగ అని ఒకసారి నోట్ ఫైలులో రాసింది కూడా మనవాళ్లే.

మన సర్వరులోని ఆ రెండు డిస్కులను స్టోర్సు వారు కండెమ్ చేసి పాత ఇనుముతోపాటు వేలం వేశారు. జూన్ 15 నుంచి 20 దాకా ఉన్న వోచరు కట్టలు మాత్రం గడువు తీరేదాకా రికార్డు రూములోనే ఉన్నాయి. 2009లో మిగిలినవాటితోపాటు వాటినీ తగలబెట్టించారు. దఫ్తరీ గారు అప్పటికే రిటైరయ్యారు. ఆ ఎర్ర గుడ్డలు ఏమయ్యాయని ఆ సాయంత్రం ఆయన నాకు ఫోను చేసి అడిగారు.